బొగ్గుపులుసుగాలి – వరిపంట

గాలిలో బొగ్గుపులుసుగాలి ఏటేట హెచ్చుచున్నదని పత్రికలు చదువు సభ్యులు ఎఱుగుదురు. అది పైరులకు ఆహారమే గదా, హెచ్చినచో పంటయు హెచ్చును, రైతునకు మేలేగాని కీడు లేదని వాదించువారును కలరు. ఈ వాదము పూర్తిగా అసత్యము కాదు. అందుచేతనే దీనిని త్రోసివేయక పరిశీలింపవలసియున్నది.

పైరు నేలను తిని పెరుగుచున్నట్లు మనకు తోచును. కాని నూరు కిలోల ఎండుగడ్డిని తీసికొన్నచో అందు సుమారు నలువది కిలోలు బొగ్గుపదార్థమే. అది నేలనుండి వచ్చినది కాదు. ఆకులయందలి కంటికగపడని రంధ్రములద్వారా గాలినుండి లోనికి చేరినది. జెనీవావాసియగు సొస్యూర్ పండితుడు 1804లోనే దీనిని తూచి నిరూపించెను. ఆకునందలి పత్రహరితము సూర్యరశ్మి బలముచే ఈ వాయువును నీటితో కలిపి చక్కెరగా మార్చును; ప్రాణవాయువు వెలుపలికి వచ్చును. ఎరువునకు, నీటికి వెల యిచ్చు రైతు ఈ ఆహారమునకు మాత్రము దమ్మిడీ యియ్యనక్కఱలేదు.

గాలిలో ఇది మిక్కిలి స్వల్పము. దక్షిణధ్రువపు మంచులో చిక్కుకొన్న పాతకాలపు గాలిబుడగలను పరీక్షింపగా, యంత్రపరిశ్రమలు ప్రబలకమునుపు పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 280 పాళ్లుండెనని తేలినది. హవాయి దీవియందలి మౌనాలోవా కొండపై 1958లో చార్లెస్ కీలింగు కొలత మొదలిడినపుడు 315 పాళ్లుండెను. 2024 సంవత్సరపు సగటు 424 పాళ్లకు మించినది. అనగా పదివేల గింజలలో మూడింటికి లోపుగా నున్నది నాలుగు దాటినది. నేలబొగ్గును, రాతినూనెను కాల్చుటయు, అడవులు నఱకుటయు ఇందులకు కారణములు.

ఇది హెచ్చిన పైరెట్లుండునో ఆరుబయటి పొలములలోనే పరీక్షించిరి. జపానులోని శిజుకుయిషివద్ద 1998 నుండి వరిమళ్లలో గొట్టములను వలయముగా అమర్చి, గాలి వీచు దిక్కునుండి ఈ వాయువును వదలి, ప్రక్క మళ్లతో సరిపోల్చిరి. బయటి గాలికంటె 200 పాళ్లు హెచ్చుగా నుంచిన ఇట్టి ప్రయోగములలో సాధారణ వంగడముల దిగుబడి నూటికి 10 మొదలు 15 వఱకు హెచ్చినది. నత్రజని చాలని మళ్లలో ఈ లాభము తగ్గినది. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెఱకు వేఱు జాతి. వాని ఆకులు ఈ వాయువును ముందే లోపల కూడబెట్టుకొనును గావున, నీరు చాలిన యేట వానికి చెప్పదగిన లాభము లేదు. ఎద్దడి యేట మాత్రము ఆకురంధ్రములు కొంత మూసికొని నీరు ఆదా యగును. జొన్నచేనిలో మొలచు వెడల్పాకు కలుపులలో పెక్కింటికి మాత్రము వరికివలెనే లాభము కలుగును.

దిగుబడి సంగతి యిట్లుండగా, గింజలోపల నేమి జరిగినదో చూతము. 550 పాళ్ల ప్రాంతమున పెరిగిన పైరులపై ఫలితములను క్రోడీకరించి 2014లో ప్రకటించిరి. వరియందు మాంసకృత్తులు నూటికి సుమారు 8 వంతులు, ఇనుము 5 వంతులు, జింకు 3 వంతులు తగ్గెను. గోధుమలో జింకు 9 వంతులు తగ్గెను. చైనా, జపాను దేశముల మళ్లలోని వరివంగడములను గూర్చి 2018లో వెలువడిన పరిశోధనలో మాంసకృత్తుల తగ్గుదల నూటికి 10 వంతులు, బి1 విటమిను తగ్గుదల 17 వంతులుగా కనబడినది. పిండిపదార్థము హెచ్చినంతగా వేళ్లు నేలనుండి ఖనిజములను తీసికొనలేకపోవుట ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

పాలు, పప్పు, గ్రుడ్లు తిను ఇంట ఈ లోపము లెక్కకు రాదు. మూడుపూటల అన్నమే ఆధారమైన కూలివాని ఇంట గర్భిణియు పసిబిడ్డయు దీనిని భరింపవలెను. తూకమును, తేమను చూచి వెల కట్టు బజారులో ఈ నష్టము ఎవరి చిట్టాలోను వ్రాయబడదు.

ఇక వేడిమి. సూర్యకాంతిని లోనికి రానిచ్చి, భూమినుండి పైకిపోవు వేడిమిని పట్టియుంచు గుణము ఈ వాయువునకు కలదు. ఇది హెచ్చినచో భూమి ఎంత కాగునో స్వీడను దేశపు అర్హీనియస్ 1896లోనే లెక్కకట్టెను. 1850–1900 నాటికంటె 2011–2020 దశాబ్దమున భూగోళపు సగటు వేడిమి సుమారు 1.1 డిగ్రీలు హెచ్చియున్నది. వరి పూతవేళ 35 డిగ్రీలు మించిన ఎండ గంటసేపు తగిలినను పుప్పొడి సరిగా రాలక తాలుగింజలు పడవచ్చును. బొగ్గుపులుసుగాలి హెచ్చి రంధ్రములు మూసికొన్న ఆకు చెమట తక్కువగా వదలుటచే పైరు మఱింత కాగును. రాత్రివేడిమియు కీడే. ఫిలిప్పీనులలోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయపు పొలములలో, పంటకాలపు రాత్రి వేడిమి ఒక డిగ్రీ హెచ్చినపుడు దిగుబడి నూటికి 10 వంతులు తగ్గుచుండెనని 2004లో ప్రకటించిరి. వాయువువలన వచ్చిన లాభము దాని వేడిమిచేతనే యిట్లు హరించిపోవుచున్నది.

గాలిని మార్చుట ఒక్క రైతువలన కాదు. చేయదగినవి కొన్ని మాత్రము కలవు. వరిపూత సాధారణముగా ఉదయము తొమ్మిది గంటలనుండి మధ్యాహ్నములోపల విచ్చును. దాళ్వా, అనగా తెలంగాణమున యాసంగి, నాట్లు ఆలస్యమైనచో ఆ పూత ఏప్రిలు ఎండకు చిక్కును. కావున నారుమడి తేదీని పూతనుండి వెనుకకు లెక్కించి నిర్ణయించుకొనవలెను. ఇంటి బియ్యమును మిక్కిలి తెల్లగా మరపట్టించుటవలన తవుడుతో పోవు ఇనుమును, బి1 విటమినును గాలివలన కలుగు లోపముకంటె చాల హెచ్చు. దీనిని నేడే మానవచ్చును. రాజేంద్రనగరునందలి వరి పరిశోధన సంస్థ రూపొందించిన డి.ఆర్.ఆర్. ధాన్ 45 అను వంగడము 2016లో విడుదలయ్యెను. తవుడు తీసిన పిమ్మటను దాని బియ్యమున పదిలక్షలకు సుమారు 22 పాళ్లు జింకుండును; సామాన్య వంగడములలో 12 మొదలు 16 వఱకే. దీనిని ముందుగా ఒక మడియందు వేసి, తెగుళ్లను, దిగుబడిని స్వయముగా చూచుకొనుట మంచిది. ఆ ధాన్యమును కల్లమునందే విడిగా కట్టి ఇంటివాడుకకు ఉంచుకొనవలెను; తక్కిన బస్తాలలో కలిసినచో ఏది యేదో గుర్తింపరాదు.