అట్లాంటిక్ మీద పందెం: 1919

హాస్టల్లో ఉన్నప్పుడు ఒక క్విజ్‌లో "అట్లాంటిక్ సముద్రాన్ని విమానంలో ఆగకుండా మొదట దాటిందెవరు?" అని అడిగారు. నేను ఠక్కున లిండ్‌బర్గ్ అన్నాను. తప్పు. మా దగ్గరున్న పాత గైడులో అలాగే ఉంది మరి! లిండ్‌బర్గ్ 1927లో ఒంటరిగా న్యూయార్క్ నుంచి పారిస్ వెళ్ళాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే ఇద్దరు దాటేశారు. ఆ మార్కు పోయిన బాధ పీజీలో చేరినా పోలేదు. లైబ్రరీలో వెదికి చదివాను. పోటీ పరీక్షలకు తయారవుతున్న తమ్ముళ్ళు నాలాగా పొరపడకూడదని రాస్తున్నాను.

లండన్‌లోని డైలీ మెయిల్ పత్రిక 1913లో పదివేల పౌండ్ల బహుమతి ప్రకటించింది. ఉత్తర అమెరికాకూ, బ్రిటన్ లేదా ఐర్లండ్‌కూ మధ్య సముద్రాన్ని 72 గంటల్లోపు దాటాలి. మొదటి ప్రపంచ యుద్ధంతో పందెం ఆగింది. 1919లో జట్లు న్యూఫౌండ్‌లాండ్ దీవికి చేరాయి. అక్కడి నుంచి ఐర్లండ్ దగ్గర. పైగా పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ విమానాలన్నీ విడిభాగాలుగా పెట్టెల్లో, ఓడల మీదే వచ్చాయి!

ముఖ్యమైన జట్లు నాలుగు. సాప్‌విత్, మార్టిన్‌సైడ్ విమానాలకు ఒక్కొక్క ఇంజనే. హ్యాండ్లీ పేజ్ భారీ విమానానికి నాలుగు. విక్కర్స్ విమీకి రెండు. విమీ జట్టు అందరికంటే ఆలస్యంగా వచ్చింది. మంచి మైదానాలు అప్పటికే మిగతావాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

మే 18న సాప్‌విత్‌లో హాకర్, మెకెంజీ గ్రీవ్ బయలుదేరారు. బరువు తగ్గాలని చక్రాలను కూడా గాల్లోనే వదిలేశారు. కాసేపటికి రేన్‌హామ్ నడిపిన మార్టిన్‌సైడ్ నేల మీదే కూలింది. హాకర్ ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళు సరిగా ప్రవహించక మరిగిపోయాయి. ఆయన ఒక డేనిష్ ఓడను వెదికి, దాని దగ్గర సముద్రంలో దిగాడు. ఆ ఓడలో వైర్‌లెస్ లేదు. వారం రోజులు కబురు లేదు. రాజుగారు హాకర్ భార్యకు సానుభూతి సందేశం కూడా పంపారు. ఆమె మాత్రం భర్త చనిపోయాడంటే నమ్మలేదు. ఆమే నిజమైంది. పత్రిక వాళ్ళకు ఐదువేల పౌండ్లిచ్చింది.

హ్యాండ్లీ పేజ్ జట్టు అంతా సరిగ్గా కుదిరేదాకా ఎగరమని కూర్చుంది. నాకైతే అక్కడే పందెం పోయిందనిపిస్తుంది.

జూన్ 14న విమీ లేచింది. పైలట్ ఆల్‌కాక్‌కు 26 ఏళ్ళు, దారి చూసే బ్రౌన్‌కు 32. ఇద్దరూ యుద్ధఖైదీలుగా ఉండి వచ్చినవాళ్ళే. దాదాపు 3,900 లీటర్ల పెట్రోలు. వైర్‌లెస్ మొదట్లోనే చెడిపోయింది. ఇంజన్ పొగగొట్టం ఊడి, ఆ హోరులో మాటలు వినపడక కాగితాల మీద రాసుకున్నారు. బ్రౌన్ సెక్స్‌టెంట్‌తో నక్షత్రం ఎంత ఎత్తున ఉందో కొలిచి, గడియారం చూసి, విమానం ఎక్కడుందో లెక్కకట్టాలి. మబ్బు కమ్మితే నక్షత్రమేది? ఒకసారి ఆ మబ్బులోనే విమానం అదుపు తప్పింది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. మబ్బు దాటి బయటపడేసరికి సముద్రం పక్కకు ఒరిగి కనిపించింది, అదీ చాలా దగ్గరగా. ఆల్‌కాక్ క్షణంలో సరిచేశాడు.

మర్నాడు ఉదయం ఐర్లండ్‌లో క్లిఫ్‌డెన్ దగ్గర పచ్చని మైదానం అనుకొని దిగారు. అది బురదనేల. ముక్కు దిగబడింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. 3,040 కిలోమీటర్లు, సుమారు 16 గంటలు. గంటకు ఎంతో మీరే భాగించి చూడండి.

క్విజ్‌లో "ఆగకుండా" అన్న మాట గమనించాలి. అదే మే నెలలో అమెరికా నౌకాదళపు ఎన్‌సీ-4 విమానం అజోర్స్ దీవుల్లో ఆగుతూ లిస్బన్ చేరింది. అది పందెంలో లేదు.

బహుమతిని చర్చిల్ చేతుల మీదుగా అందుకున్నారు. రాజు సర్ బిరుదులిచ్చాడు. ఆ డిసెంబరులోనే విమీని లండన్ సైన్స్ మ్యూజియానికి ఇచ్చారు. అదే నెల 18న ఆల్‌కాక్ మరో కొత్త విమానాన్ని పారిస్‌కు తీసుకెళ్తూ, ఫ్రాన్స్‌లో కూలి చనిపోయాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు.