పసుపు నూనె: తీసే పద్ధతి మారితే నూనే మారుతుంది

మాది బాన్సువాడ. నిజాంసాగర్ నీళ్లుంటాయి కాబట్టి మా ఊరి చుట్టూ వరే ఎక్కువ. కానీ ఆర్మూర్, బాల్కొండ వైపు వెళ్తే పసుపు చేలు కనిపిస్తాయి. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి రోజు, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. అప్పటినుంచి "ఉత్త కొమ్ములు అమ్మితే లాభం లేదు, నూనె తీసి అమ్మాలి" అనే మాట తరచుగా వింటున్నాను.

నేను సీఎస్‌ఈ స్టూడెంట్‌ని. ఆ మాట విన్నప్పుడు నాకొచ్చిన డౌట్ ఒక్కటే: నూనె తీయడానికి ఒకటే దారి ఉందా? లేదు, చాలా ఉన్నాయి. పైగా ఒక్కో దారిలో వచ్చే నూనె ఒక్కోలా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఒకటే, ఫంక్షన్ మారితే అవుట్‌పుట్ మారిపోతుంది. ఎలాగో చూద్దాం.

కొమ్ములో ఏముంది?

ఎండిన పసుపులో మనకి కావాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి వాసననిచ్చే నూనె. ఇందులో టర్మెరోన్లు అనే పదార్థాలు ఎక్కువ. రెండోది రంగునిచ్చే కర్క్యుమిన్. ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. నూనె ఆవిరవుతుంది, కర్క్యుమిన్ ఆవిరి కాదు. కర్క్యుమిన్ నీళ్లలో కూడా దాదాపు కరగదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆవిరి పద్ధతి

ఇది అన్నిటికంటే పాతది, ఖర్చు తక్కువ. పసుపును నలగ్గొట్టి పెద్ద పాత్రలో వేసి కింది నుంచి ఆవిరి పంపుతారు. ఆవిరి నూనెను మోసుకుంటూ గొట్టంలోకి వెళ్తుంది. అక్కడ చల్లబడి నీరు, నూనె వేరవుతాయి. పసుపు నూనె నీటికంటే తేలిక, కాబట్టి పైన తేలుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. టర్మెరోన్లు విడిగా మరగాలంటే 300 డిగ్రీలకు పైనే వేడి కావాలి. మరి 100 డిగ్రీల ఆవిరితో ఎలా వస్తున్నాయి? నీరు, నూనె ఒకదానిలో ఒకటి కలవవు. అందుకే రెండూ దేని ఆవిరి పీడనం అది ఇస్తాయి. ఆ రెండింటి మొత్తం బయటి గాలి పీడనానికి సమానమైతే చాలు, మిశ్రమం మరుగుతుంది. అది 100 డిగ్రీలకు కాస్త ముందే జరిగిపోతుంది.

కాకపోతే అన్నీ ఒకేసారి రావు. తేలికైనవి ముందు, బరువైన టర్మెరోన్లు తర్వాత వస్తాయి. కట్టెలు ఆదా చేద్దామని మధ్యలో మంట ఆపేస్తే నూనె తగ్గడమే కాదు, వచ్చిన నూనెలో పాళ్లు కూడా మారిపోతాయి. పొడి చేసేటప్పుడు మర వేడెక్కితే కొంత వాసన అక్కడే ఎగిరిపోతుంది.

కర్క్యుమిన్ సంగతేంటి? ఆవిరి కాదు కదా, పాత్రలోని పిప్పిలోనే మిగిలిపోతుంది. 100 కిలోల కొమ్ముల్లో నూనె 4 శాతం, కర్క్యుమిన్ 3 శాతం ఉందనుకోండి. 4 కిలోల నూనె తీసుకుని పిప్పి పారేస్తే 3 కిలోల కర్క్యుమిన్ పెంటలో పోసినట్టే.

సాల్వెంట్ పద్ధతి

అసిటోన్, ఇథైల్ అసిటేట్ లాంటి ద్రవాల్లో పసుపు పొడిని నానబెడితే నూనె, కర్క్యుమిన్ రెండూ కరుగుతాయి. తర్వాత ద్రవాన్ని ఆవిరి చేసి తీసేస్తే చిక్కటి ముద్ద మిగులుతుంది. దాన్నే ఓలియోరెజిన్ అంటారు. హెక్సేన్ వాడితే మాత్రం నూనే ఎక్కువగా వస్తుంది, కర్క్యుమిన్ చాలావరకు వెనకే ఉండిపోతుంది. అంటే ఏ ద్రవం ఎంచుకున్నామనేదే ఇక్కడ ఫిల్టర్.

సమస్య ఏమిటంటే ఆ ద్రవం పూర్తిగా పోకపోవచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం మసాలా ఓలియోరెజిన్‌లో అసిటోన్ 30 పీపీఎం, హెక్సేన్ 25 పీపీఎం దాటకూడదు. ఎగుమతి చేయాలంటే ఇలాంటి పరీక్షలు పాస్ కావాల్సిందే.

కార్బన్ డయాక్సైడ్ పద్ధతి

మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడే! దాన్ని 31 డిగ్రీల వేడి, 74 బార్ల పీడనం దాటిస్తే అది అటు వాయువూ కాదు, ఇటు ద్రవమూ కాదు. వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగిస్తుంది. పీడనం పెంచుతూ తగ్గిస్తూ ఏది కరగాలో కొంతవరకు మనమే నిర్ణయించొచ్చు. పని అయ్యాక పీడనం తీసేస్తే గ్యాస్ వెళ్లిపోతుంది, నూనెలో ఏ సాల్వెంటూ మిగలదు. వేడి తక్కువ కాబట్టి సున్నితమైన వాసనలు చెడవు. కర్క్యుమిన్ మాత్రం దీనిలో బాగా కరగదు, కొంచెం ఇథనాల్ కలపాలి. యంత్రాలకు పెట్టుబడి చాలా ఎక్కువ. మామూలు రైతు ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

పసుపు ఒక్కటే కాదు

గులాబీ సువాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్లలో బాగానే కరుగుతుంది. అందుకే ఆవిరితో తీస్తే అది చాలావరకు పన్నీరులోకి పోతుంది, నూనెలో కొంచెమే మిగులుతుంది. సాల్వెంట్‌తో తీస్తే ఎక్కువగా దొరుకుతుంది.

బత్తాయి, నారింజలకు వేడే అక్కర్లేదు. తొక్క వంచి నొక్కితే చిమ్మే తుంపరే ఆ నూనె, పిండితే చాలు. చామంతి కుటుంబానికి చెందిన కామొమైల్ అయితే ఇంకా విచిత్రం. ఆవిరితో తీసిన నూనె నీలంగా ఉంటుంది. ఆ నీలం పదార్థం పువ్వులో లేదు, వేడికి అక్కడే తయారవుతుంది!

ఇంతకీ ఏది మంచిది?

"దేనికోసం?" అని తిరిగి అడగాలి. వాసన మాత్రమే కావాలంటే ఆవిరి చాలు. నిమ్మగడ్డి నూనెను అలాగే తీస్తారు. ఇలాంటి మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది. రంగు, వాసన రెండూ కావాలంటే సాల్వెంట్. నాణ్యతకి మంచి రేటు ఇచ్చే కొనుగోలుదారుడు ముందే ఉంటే కార్బన్ డయాక్సైడ్.

పసుపు రైతులకు నాకు తోచిన మాట ఒకటి ఉంది. ముందు ఆకుతో మొదలుపెట్టొచ్చు. దుంపలు తవ్వే ముందు కోసేసే పసుపు ఆకుల్లోనూ నూనె ఉంటుంది. దాని కూర్పు దుంప నూనెకంటే వేరు, కానీ ఆవిరితోనే వస్తుంది. కొమ్ములు ఎప్పటిలాగే మార్కెట్‌కి పోతాయి, కాబట్టి పంటని రిస్క్‌లో పెట్టినట్టు కాదు. నలుగురు కలిసి ఒక డిస్టిలేషన్ యూనిట్ పెట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడిగితే మంచిది: ఎవరు కొంటారు? వాళ్లకి ఏ పదార్థం కావాలి? మిగిలిన పిప్పిని ఏం చేస్తాం?

ఇక మనలాంటి కొనేవాళ్లకి. ఆవిరితో తీసిన పసుపు నూనె సీసా మీద "కర్క్యుమిన్ గుణాలు" అని రాసి ఉంటే ఒక్క క్షణం ఆగండి. కర్క్యుమిన్ ఆ సీసాలోకి ఎలా వచ్చిందో అడగండి. ఆవిరితో అయితే రాలేదు.