ఇంటి రేకులు ఎగిరిపోతే... బీమా రావాలంటే

గాలివానకు ఇంటి రేకులు ఎగిరిపోగానే విరిగినవి పారేసి, అప్పు తెచ్చి కొత్తవి వేస్తుంటారు. ఇంటికి బీమా ఉన్నవాళ్లు ఆ తొందర పడొద్దు. పంట బీమా ఇంటికి వర్తించదు. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు ఇస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో తుపాను, గాలివాన, వరద, అగ్నిప్రమాద నష్టాలకు పరిహారం ఉంది.

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలపండి. ఇంటి లోపలా, బయటా ఫొటోలు తీయించండి. సామాను తడవకుండా టార్పాలిన్ పట్టా కప్పుకోవచ్చు, రసీదు దాచండి. విరిగిన రేకులు, దూలాలు మాత్రం సర్వేయరు చూసేదాకా కదల్చొద్దు. రేకులకెంత, కర్రకెంత, కూలికెంత అని మేస్త్రీ చేత విడివిడిగా అంచనా రాయించండి.

తుప్పుకు, చెదలకు పాడైన కప్పుకు పరిహారం రాదు. అందుకే బీమా చేసే రోజే కప్పు ఫొటో తీసి ఉంచుకోవాలి. తాటాకు, గడ్డి ఇళ్లవాళ్లు తమ కప్పుకు పాలసీ వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కంపెనీ కాదంటే కారణం రాతలో అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలో జవాబు రాకున్నా, వచ్చింది సరిగా లేకున్నా ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.