పాఠశాలలో రేఖలు, కోణములు

ఇటీవల మేమొక గ్రామ ప్రాథమిక పాఠశాలను దర్శించినపుడు, ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు కోణములను గీచి, వీనిలో ఏది పెద్దదని పిల్లల నడిగెను. ఒకదాని భుజములు జానెడు పొడవు, రెండవదానివి బెత్తెడు. తరగతిలో సగమునకు పైగా పిల్లలు పొడవైన గీతలు గలదానినే చూపిరి. నిజమునకు ఆ రెండు కోణములును సమానములే. వెంట వచ్చిన పెద్దలలో ఒకరిద్దరు కూడ పిల్లల పక్షమే వహించిరని చెప్పక తప్పదు.

ఇది పిల్లల తెలివితక్కువ కాదు. కోణమును బల్లమీది బొమ్మగా మాత్రమే చూపినచో పిల్లవాడు గీతల పొడవునే చూచును. కోణమనగా తిరుగుడు. పాఠశాల తలుపును కొంచెము తెరచినచో గడపకును తలుపునకును నడుమ చిన్న కోణమేర్పడును. తెరచిన కొలదియు కోణము పెరుగును; తలుపు వెడల్పు మాత్రము పెరుగదు. ఈ ఒక్క సంగతి కంటితో చూచిన పిల్లవాడు మరల పొరబడడు. తలుపు గడపకు అడ్డముగా, మూలమట్టము సరిపోవునట్లు నిలిచినపుడది లంబకోణము, అనగా 90 డిగ్రీలు. అంతకు తక్కువది అల్పకోణము, ఎక్కువది అధికకోణము. తలుపు పూర్తిగా తిరిగి గోడకానినచో 180 డిగ్రీల సరళకోణము.

రేఖల సంగతి ఇంతకంటె సులభము. రేఖకు ఇరువైపులను అంతము లేదు. రెండు కొసలు గల దాని భాగము రేఖాఖండము. తిన్నని బాటపై బండిచక్రముల జాడలు సమాంతర రేఖలు. బొక్కెన బరువుతో కదలక వ్రేలాడు చేదత్రాడు నీటిమట్టమునకు లంబము.

లంబకోణమును పిల్లలు తమ చేతులతో చేయవలెను. అంచులు చినిగిన కాగితమైనను సరే, ఒకసారి మడచిన తిన్నని గీత వచ్చును. ఆ గీతను దానిమీదికే మరల మడచిన లంబకోణము వచ్చును. ఆరుబయట త్రాడు చాలును. సాగని త్రాటిపై 12 సమభాగములు గుర్తించి, కొసలు కలిపి, 3, 4, 5 భాగములు భుజములగునట్లు మువ్వురు పిల్లలు బిగించి పట్టవలెను. 3, 4 భాగముల భుజములు కలిసిన మూల లంబకోణము. ముడులు వేసినచో త్రాడు కురుచయగును; సిరాతో గుర్తులిడుట మేలు. ఈ కొలత బౌధాయనుని శుల్బసూత్రములలో గలదు. శుల్బమనగా త్రాడే!

ఇది పంచాయతీకేల యందురా? 20 అడుగుల గోడ ఒక్క డిగ్రీ తప్పినచో కొసకు 4 అంగుళములకు పైగా ప్రక్కకు జరుగును. పునాదికి ముగ్గు పోసిననాడే ఎదురెదురు ప్రక్కలను, రెండు కర్ణములను కొలువవలెను. ప్రక్కలు జతజతగా సమానమై, కర్ణములును సమానమైనచో నాలుగు మూలలును సరియైనవే. పొలముల సంగతియు నట్టిదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు సర్వేలో పొలము నడుమ ఒక గీత కొలిచి, దానినుండి గట్టు వంపులకు లంబములు కొలిచి పటములు వ్రాసిరి. లంబము ఒరిగినచో కొలత పెరుగును, సరిహద్దు తప్పును. తగవు రెండిండ్లకు చేరును.

సభ్యులు ఈసారి పాఠశాలకు పోయినపుడు ఒక త్రాడు, మూడు మేకులు వెంట తీసికొనిపోవుదురు గాక. పిల్లలచే ముందు ఆవరణలో లంబకోణము కట్టించి, పిదప గది మూలలను సరిచూడుమనవలెను. మేము దర్శించిన పాఠశాలలో వసారా మూల ఒకటి సరిపోలేదు. దానిని మొదట కనిపెట్టినది మూడవ తరగతి బాలిక.