కంప్యూటరు పద్దులకు బ్యాకప్ ఎన్నాళ్ళకొకసారి?

చిట్టా, ఆవర్జాలు కంప్యూటరులోకి మారినా ఆదివారం నాడు ఒకసారి బ్యాకప్ తీసి ఊరుకునే కొట్లు ఇంకా వున్నాయి. వ్యాపారం జోరును బట్టి ఈ గడువు మారాలి.

గుంటూరు మిర్చినే తీసుకుందాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు రాకలు ముమ్మరంగా వుంటాయి. రోజుకు 60 పట్టీలు రాసే కమీషన్ కొట్టులో శుక్రవారం రాత్రి డిస్కు పాడైందనుకుందాం. వారం మొత్తానికి 300 పట్టీలు తిరిగి ఎక్కించాలి. కాటా చీటీలు వుంటే అది సాధ్యమే. రైతుకు ఫోనులో ఒప్పుకొని తగ్గించిన వడ్డీ, కోల్డు స్టోరేజీ అద్దెలో సర్దుబాటు, చేతిమీదుగా ఇచ్చిన అడ్వాన్సు - వీటికి చాలాసార్లు కాగితమే వుండదు. గుమాస్తా జ్ఞాపకమే ఆధారం. రైతు లెక్కకూ కొట్టు లెక్కకూ తేడా వస్తే పోయేది కొట్టు మాటే.

కనుక ఒక రాత్రిలో తిరిగి ఎక్కించలేనన్ని పద్దులు పేరుకోకముందే బ్యాకప్ తీయాలి. సీజనులో ప్రతి సాయంత్రం రోకడ సరిచూసిన వెంటనే తీయాలి. యార్డుకు వేసవి సెలవులైతే వారానికొకటి చాలు. మార్చి 31 ముగింపు పద్దులు వేసేముందు, సాఫ్ట్‌వేరు వెర్షను మార్చేముందు విడిగా ఒకటి తీసి దాచాలి.

కంపెనీలుగా నమోదైన సంస్థలకు ఈ వెసులుబాటు లేదు. 2022 ఆగస్టులో సవరించిన నిబంధనల ప్రకారం వాటి పద్దుల బ్యాకప్ ప్రతిరోజూ మనదేశంలోని సర్వరుకు చేరాలి. భాగస్వామ్య, సొంత కొట్లకు ఇది వర్తించదు. అయితే జిఎస్‌టి నమోదు వున్నవారు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు పద్దులను భద్రపరచక తప్పదు.

అదే డిస్కులో తీసిన బ్యాకప్ డిస్కుతోపాటే పోతుంది. పెన్‌డ్రైవును ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి వుంచడం కూడా అంతే. 2017 మే నెలలో వచ్చిన వన్నాక్రై వైరస్ తగిలించి వున్న డిస్కులలోని ఫైళ్ళకు సైతం తాళం వేసింది. రెండు పెన్‌డ్రైవులు పెట్టుకొని, రోజు విడిచి రోజు ఒక్కొక్కటి వాడి, యజమాని ఇంటికి తీసుకుపోవడం మేలు. ఖర్చు స్వల్పం.

బ్యాకప్ ఫైలు కనబడినంత మాత్రాన అది పనికివస్తుందని కాదు. నెలకొకసారి దాన్ని రీస్టోరు చేసి రోకడ నిల్వను, నలుగురైదుగురు రైతుల ఖాతాలను సరిచూడాలి. ట్యాలీ వాడేవారు ఈ పరీక్షను వేరే ఫోల్డరులో చేయాలి. అసలు ఫోల్డరులోనే చేస్తే నేటి పద్దులు చెరిగి పాతవి వచ్చి కూర్చుంటాయి.