కాలేజీ లైబ్రరీలో తాత్కాలిక కొలువు: తెలుసుకుని చేరాలి, డబ్బు కట్టి కాదు

ప్రభుత్వ కాలేజీల్లో తాత్కాలిక లైబ్రేరియన్లు మూడు రకాలుగా కనిపిస్తారు. శాఖే నేరుగా ఒప్పందం రాసుకుని తీసుకుంటే అది కాంట్రాక్టు. మధ్యలో ఏజెన్సీ ఉండి జీతం దాని ఖాతా నుంచి పడితే ఔట్‌సోర్సింగ్. రోజుకు ఇన్ని గంటలనో, విద్యాసంవత్సరం ఉన్నన్నాళ్లనో పెట్టుకుంటే పార్ట్‌టైం. బయటి నుంచి చూసేవారికి మూడూ ఒకటే. అవే బీరువాలు, అదే బల్ల, అదే హాజరు పట్టిక. చట్టం దగ్గరికి వెళ్లేసరికి మాత్రం మూడూ మూడు దారులు. చేరేవారిలో చాలామంది తాము ఏ దారిలో ఉన్నారో మొదటి జీతం అందాక గానీ తెలుసుకోరు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ చేసే పనిని దక్షిణ తెలంగాణలో సర్కారు డిగ్రీ కాలేజీలు చేస్తున్నాయి. ఇంటికి దగ్గరగా, తక్కువ ఖర్చుతో, మార్కులు ఎన్ని వచ్చినా చేర్చుకుని చదువు చెప్పేవి ఇవే. నల్లగొండలో 1956 నాటి నాగార్జున ప్రభుత్వ కళాశాల, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కళాశాల, గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ఉన్న కళాశాల ఈ కోవలోవే. దేవరకొండ, నాగర్‌కర్నూల్, జడ్చర్ల కాలేజీలు, రాజమహల్‌లో నడుస్తున్న వనపర్తి పాలిటెక్నిక్, ఊరూరా ఉన్న గురుకులాలు కూడా వీటికి తోడు. వీటిపైన నల్లగొండలో 2007లో వచ్చిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో వచ్చిన పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. లైబ్రేరియన్ కొలువు వెతికేవారు మొదట చూడాల్సిన చోట్లు ఇవే.

ఈ కొలువు చుట్టూ ఇళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. "ఎట్లనో అట్ల లోపలికి దూరితే చాలు, ఎప్పటికైనా పర్మినెంట్ చేస్తరు" అనేది ఆ నమ్మకం. ఇది పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 2023 ఏప్రిల్ చివరన తెలంగాణ ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. అందులో పెద్ద భాగం జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పినవారే. పక్కింటి లెక్చరర్‌కు పర్మినెంట్ ఆర్డర్ రావడం కళ్లారా చూసిన తల్లిదండ్రులు, తమ బిడ్డకూ అదే జరుగుతుందని లెక్కేసుకున్నారు.

ఆ లెక్కలో రెండు తప్పులున్నాయి. క్రమబద్ధీకరణకు ఆధారమైన 2016 నాటి జీవో 16 వర్తించింది కాంట్రాక్టు వారికే. అందులోనూ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 నాటికే మంజూరైన పోస్టులో పనిచేస్తున్నవారికే. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి ఆ జీవోలో చోటు లేదు, నిన్నమొన్న చేరిన కాంట్రాక్టు ఉద్యోగికీ లేదు. ఇక రెండో తప్పు. 2024 నవంబర్‌లో రాష్ట్ర హైకోర్టు ఆ జీవోనే కొట్టేసింది. అప్పటికే పర్మినెంట్ అయినవారిని కదపలేదు గానీ, వారి వెనక తలుపు మూసేసింది. దీనికి మూలం 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు. ఎంతకాలం తాత్కాలికంగా పనిచేసినా, అదొక్కటే పర్మినెంట్‌కు హక్కు ఇవ్వదని ఆ తీర్పు తేల్చింది. కాబట్టి పదేళ్లు ఓపిక పడితే ఫలితం ఉంటుందని పిల్లలకు చెప్పడమంటే, వారి జీవితంలో పదేళ్లను ఎవరూ ఇవ్వని హామీకి తాకట్టు పెట్టడమే.

ఈ నమ్మకం మీద బతికే దళారులు ప్రతి జిల్లా కేంద్రంలోనూ దొరుకుతారు. "సీటు ఉంది, ఇంత కడితే రేపే ఆర్డర్" అంటారు. ఇక్కడ భావోద్వేగం పక్కన పెట్టి కాగితం మీద లెక్క వేయాలి. 2021 జూన్‌లో ఇచ్చిన జీవో 60 ప్రకారం ఔట్‌సోర్సింగ్ జీతాలు పనిని బట్టి మూడు మెట్లు: నెలకు 15,600, 19,500, 22,750 రూపాయలు. మధ్య మెట్టునే తీసుకుందాం. పూర్తి జీతంపై పీఎఫ్ 12 శాతం అంటే 2,340 రూపాయలు, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 147 రూపాయలు పోతే చేతికందేది దాదాపు 17,000. దళారికి రెండు లక్షలు కట్టిన కుటుంబం, దాదాపు పన్నెండు నెలలు ఉద్యోగి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా పనిచేస్తే తప్ప ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోలేదు. ఒప్పందం ఉండేదే చాలాచోట్ల ఏడాది. ఏజెన్సీ మారితే ఆ దళారి ఫోన్ ఎత్తడు. రశీదు లేని డబ్బుకు ఫిర్యాదు చేసినా పోలీసులకు చూపడానికి ఏమీ ఉండదు. ఎకరం అమ్మి, వడ్డీకి తెచ్చి తాత్కాలిక కొలువు కొనడం కన్నా పెద్ద నష్టపు బేరం ఈ రంగంలో మరొకటి లేదు. డబ్బు అడిగారంటే ఆ చోటు వదిలేయాలి, బేరమాడకూడదు.

డబ్బు కట్టకుండా, నోటిఫికేషన్ చూసి, అర్హతతో వచ్చిన తాత్కాలిక కొలువు సంగతి వేరు. రెండేళ్ల మెట్టుగా వాడుకుంటే ఇది మంచి కొలువే. లైబ్రరీ అంటే తాళం తీసి కూర్చునే పని అనుకునేవారు అక్కడ ఒక వారం గడిపి చూడాలి. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ అక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించాలి, డ్యూయీ దశాంశ పద్ధతిలో వర్గసంఖ్య ఇవ్వాలి, వీపుకు లేబుల్ అతికించాలి, కంప్యూటర్‌లో కేటలాగ్ చేయాలి. ఏటా స్టాక్ వెరిఫికేషన్‌కు కూర్చుంటే వేల పుస్తకాలు ఒక్కొక్కటిగా చేతుల మీదుగా పోతాయి. కాలేజీ నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వస్తుందంటే లైబ్రరీ లెక్కలన్నీ సిద్ధం చేయాల్సింది లైబ్రేరియనే. రోజుకు ఎందరు వచ్చారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, పుస్తకాలకు ఎంత ఖర్చయింది అన్నీ ఆ ఫైల్లో ఉండాలి. ఈ పనులు ఏ కోచింగ్ సెంటర్‌లోనూ నేర్పరు.

సాఫ్ట్‌వేర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసిన సోల్, న్యూజిలాండ్‌లో పుట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగిన కోహా, ఈ రెంటిలో ఏదో ఒకటి చేతికి పట్టుబడితే ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కూడా అడిగి తీసుకుంటారు. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వస్తున్నాయి. లాగిన్ ఇప్పించి, వెతకడం నేర్పే మనిషి లేని కాలేజీలో ఆ పత్రికలు ఉన్నా లేనట్టే.

అన్నిటికన్నా బరువైన పని పిల్లలతోనే. దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట వైపు నల్లమల పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల్లో చాలామంది ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనుషులు. పాలమూరులో కొందరి తల్లిదండ్రులు ముంబయిలోనో పుణెలోనో కూలి పనిలో ఉంటారు. తెలుగు మాధ్యమంలో పది చదివి, డిగ్రీలో ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం ముందు నోరు విప్పలేక కూర్చున్న పిల్లకు, ముందు ఏ తెలుగు పుస్తకం చదివితే ఈ పాఠం అర్థమవుతుందో చెప్పేది లైబ్రేరియనే. క్లాసులో అడగడానికి జంకే ప్రశ్నలు ఇష్యూ కౌంటర్ దగ్గర అడుగుతారు. ఈ నేలకు లైబ్రరీ కొత్త కాదు. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక నడిపిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావు తరం, పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి తరం నిజాం ఏలుబడిలో తెలుగు చదువును నిలబెట్టుకున్నది పత్రికలతో పాటు గ్రంథాలయాల ద్వారా కూడా. ఈ పని చిన్నదని చిన్నచూపు చూసేవారికి ఆ చరిత్ర తెలియదు.

అర్హతల విషయం చిన్నదే: డిగ్రీ తర్వాత ఏడాది బీఎల్ఐఎస్సీ, ఆపైన మరో ఏడాది ఎంఎల్ఐఎస్సీ. ఉస్మానియాలో 1959 నుంచి లైబ్రరీ సైన్స్ శాఖ ఉంది. డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఈ కోర్సులను దూరవిద్యలో చెబుతాయి. అవకాశం ఉన్నవారు రెగ్యులర్‌గా చదవడమే మేలు. వర్గీకరణ, కేటలాగింగ్ చేతిపనులు, పక్కన గురువు ఉంటేనే అబ్బుతాయి. దూరవిద్యలో చేరితే సంప్రదింపు తరగతులు ఏ అధ్యయన కేంద్రంలో జరుగుతాయో ముందే అడిగి తెలుసుకోవాలి. ఎంఎల్ఐఎస్సీలో 55 శాతం తగ్గకుండా చూసుకోవాలి. కాలేజీ లైబ్రేరియన్‌కు, విశ్వవిద్యాలయ అసిస్టెంట్ లైబ్రేరియన్‌కు యూజీసీ నిబంధన అదే. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది.

ఇంతకీ నల్లగొండ, పాలమూరు ఇళ్లలో నడుస్తున్న అసలు పరుగు హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వైపు. డిగ్రీ పూర్తికాగానే పిల్లలను హైదరాబాద్ పంపి, గ్రూప్స్ కొట్టేవరకు ఇంటికి రావద్దన్నట్టు మాట్లాడే తల్లిదండ్రులు ఉన్నారు. గది అద్దె, మెస్సు బిల్లు, టెస్ట్ సిరీస్, మళ్లీ కొత్త బ్యాచ్. ఒక నోటిఫికేషన్ రద్దయితే ఇంకో రెండేళ్లు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో తెల్లారక ముందే కుర్చీ కోసం నిలబడే ఆ పిల్లల్లో, పుస్తకాల మధ్య పని చేయాలని నిజంగా ఇష్టపడేవారూ ఉంటారు. వారిని ఎవరూ అడగరు. "లైబ్రేరియనా? అదేం కొలువు?" అన్న ఒక్క మాటతో ఆ కోరికను మొదట్లోనే తుంచేస్తారు. పిల్లల మీద ఇంత బరువు మోపే హక్కు పెద్దలకు లేదు. గ్రూప్స్ రాయడం తప్పు కాదు. వేరే దారి లేకుండా చేసి రాయించడం తప్పు.

లైబ్రేరియన్ పోస్టుల లెక్క కూడా నిజాయితీగానే చెప్పాలి. 2022 చివర్లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇంటర్, సాంకేతిక విద్యాశాఖల్లో కలిపి 71 లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించింది. 2023లో గురుకుల నియామక బోర్డు పాఠశాలల్లోనే 434 లైబ్రేరియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఇవి ఏటా వచ్చేవి కావు. వచ్చినప్పుడు మాత్రం సబ్జెక్టు మీద పట్టున్నవారికి పోటీ గ్రూప్స్ అంత భయంకరంగా ఉండదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు కూడా లైబ్రేరియన్లను తీసుకుంటాయి. సబ్జెక్టు పేపర్‌కు వేలు పోసి కోచింగ్ తీసుకోవడం దండగ. సిలబస్‌లోని పని రోజూ చేసే మనిషికి, పాత ప్రశ్నపత్రాలు, యూజీసీ సిలబస్ చాలు.

తాత్కాలిక కొలువులో ఉన్నన్నాళ్లు కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. ఔట్‌సోర్సింగ్ అయితే పీఎఫ్ ఖాతా నంబర్ మొదటి నెలలోనే అడిగి తీసుకోవాలి, పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడుతోందో లేదో ఫోన్‌లోనే చూసుకోవాలి. జీతం నుంచి కోత పెట్టి ఖాతాలో జమ చేయని ఏజెన్సీలు లేకపోలేదు. ఆ పాస్‌బుక్ రేపు అనుభవానికి సాక్ష్యంగా కూడా నిలుస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. అర్హత రోజులు పూర్తయిన మహిళలకు దాని కింద 26 వారాల ప్రసూతి ప్రయోజనం ఉంది. చాలామంది ఆడపిల్లలు ఈ సంగతి తెలియక కాన్పుకు ముందే ఉద్యోగం మానేస్తున్నారు. అనుభవ పత్రం ఏజెన్సీ ఇస్తే సరిపోదు. చేరిన తేదీ, చేసిన పని రాసి ప్రిన్సిపాల్ సంతకం చేసిన పత్రం కూడా ఉండాలి.

ప్రైవేటు కాలేజీల్లో ఇంకో ఉచ్చు ఉంది. తనిఖీల రోజున చూపడానికి ఎంఎల్ఐఎస్సీ సర్టిఫికెట్ మాత్రమే కావాలని, పనికి రానక్కర్లేదని, ఏడాదికి కొంత ఇస్తామని చెప్పేవారు ఉంటారు. ఒప్పుకుంటే అదే పేరుతో వేరేచోట చేరినప్పుడు చిక్కుల్లో పడేది అభ్యర్థే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ బీరువాలో పెట్టుకుంటామనే యాజమాన్యానికి జిరాక్స్ కాపీలే ఇవ్వాలి. ఒరిజినల్స్ లేక కౌన్సెలింగ్‌కు వెళ్లలేకపోతే ఆ నష్టం ఎవరూ పూడ్చరు.

పెళ్లయి అమెరికా వెళ్లి, అక్కడి కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీలో పని వెతకాలనుకునేవారు కూడా ఈ జిల్లాల్లో ఉన్నారు. అక్కడ లైబ్రేరియన్ పోస్టుకు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ అడుగుతారు. ఇక్కడి ఎంఎల్ఐఎస్సీని అందుకు సమానంగా లెక్కించాలంటే మూల్యాంకనం చేయించుకోవాలి. అక్కడా గంటల లెక్కన తీసుకునే తాత్కాలిక లైబ్రేరియన్లు ఉన్నారు. పూర్తికాలపు గంటలు రాకపోతే ఆరోగ్యబీమా దక్కకపోవచ్చు. తాత్కాలికం ఎక్కడైనా తాత్కాలికమే, ఈ మాట వీసాకు డబ్బు కట్టకముందే తెలియాలి.

చేరిన రోజునే గడువు పెట్టుకోవాలి. రెండేళ్లు, లేదా యూజీసీ నెట్‌లో అర్హత సాధించేవరకు, ఏది ముందైతే అది. ఆ గడువు దాటి అదే బల్ల దగ్గర కూర్చోవాలా వద్దా అన్నది అభ్యర్థి తేల్చుకోవాలి, ఏజెన్సీ కాదు, ఇంట్లో పెద్దలు కాదు. లైబ్రరీ సైన్స్‌లో యూజీసీ నెట్ ఏటా రెండు విడతలు, జూన్, డిసెంబర్ పేరిట జరుగుతుంది. తప్పు జవాబుకు మార్కు పోదు. పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది గానీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు లేదు. రాష్ట్రస్థాయి సెట్‌ను ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది.