కోడిపిల్లలలో బూజు వలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధి – గుర్తింపు, యాజమాన్యం

నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టలోని అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో పెరటి కోళ్ళు చిన్న రైతు కుటుంబాలకు చేతిఖర్చుకు ఆసరా. వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లలను తెచ్చి బ్రూడరు కింద పెంచే తొలి మూడు వారాలే కీలకం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవన వర్షాలకు వరి ఊక, వేరుశనగ పొట్టు తడిసినచో వాటిలో ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. 1863లో ఫ్రెసీనియస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినది కూడా ఒక పక్షి ఊపిరితిత్తులలోనే. అది మన బట్టమేకపిట్ట కుటుంబానికి చెందినది.

ఈ శిలీంధ్రపు సిద్ధబీజాలు 2-3 మైక్రాన్ల పరిమాణంలో ఉండి, పీల్చిన గాలితో గాలితిత్తుల వరకు చేరుతాయి. తడిలో పెరిగిన బూజు ఆరినపుడు దుమ్ముగా లేస్తుంది. కావున తడిసి ఆరిన లిట్టరు, చూపునకు శుభ్రంగా ఉన్ననూ, తడి లిట్టరు కంటె ప్రమాదకరం. వ్యాధి ఒక పిల్ల నుండి మరొక పిల్లకు అంటదు. అన్నీ ఒకే లిట్టరు దుమ్మును పీల్చుట వలన అంటువ్యాధివలె కనిపిస్తుంది.

వ్యాధి సోకిన పిల్లలు మెడ చాచి, నోరు తెరచి ఎగశ్వాస తీస్తాయి, మేత మానుతాయి. ఇతర శ్వాసకోశ వ్యాధులలో వినిపించే గురగుర శబ్దం ఇందులో సాధారణంగా ఉండదు. పొదిగిన తొలి రోజులలోనే మరణాలు మొదలైనచో హేచరీని, తరువాత మొదలైనచో లిట్టరును, మేతను అనుమానించవలెను.

చనిపోయిన పిల్లను కోసి చూచినపుడు ఊపిరితిత్తులలో, గాలితిత్తులలో ఆవగింజంత పసుపు-తెలుపు గడ్డలు, ఒక్కొక్కసారి పచ్చని బూజు కనిపిస్తాయి. పుల్లోరం వ్యాధిలోను ఇటువంటి గడ్డలు ఏర్పడును గనుక కంటిచూపుతోనే నిర్ధారించరాదు. గడ్డను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నలిపి సూక్ష్మదర్శినిలో చూచినచో అడ్డుగోడలు గల, కొమ్మలుగా చీలిన శిలీంధ్ర తంతువులు కనిపిస్తాయి. సాబొరాడ్ అగార్‌పై పెంచినచో నీలి-ఆకుపచ్చ బూజు ఏర్పడుతుంది.

చికిత్స విషయంలో ఆశ తక్కువ. యాంటీబయాటిక్‌లు శిలీంధ్రంపై పనిచేయవు. వాటికి పెట్టిన ఖర్చు వృథా. ఇట్రాకొనజోల్ వంటి మందులు ఖరీదైన పెంపుడు పక్షులకే గిట్టుబాటు. నీటిలో మైలుతుత్తం కలిపి ఇచ్చుట పాత పద్ధతి, కాని ఏర్పడిన గడ్డలను అది కరిగించదు, మోతాదు మించినచో విషమగును. తీవ్రంగా జబ్బుపడిన పిల్లలను తొలగించి, మిగిలినవాటిని వేరొక చోటికి మార్చి, లిట్టరును పూర్తిగా తీసివేయుటయే అసలు చికిత్స. పాత లిట్టరును ఎత్తేముందు నీరు చిలకరించి, ముక్కు, నోరు కప్పుకొనవలెను. ఈ సిద్ధబీజాలు మనుషుల ఊపిరితిత్తులకును హానికరం.